ఒక్క సైకిలే కొనాలంటే...

ఇంట్లో ఒక్క సైకిలుకే చోటుంటే ఏది కొనాలి? నన్నడిగితే ముందు క్యారియరు చూడండంటాను. గేర్లు, డిస్క్ బ్రేకులు, ముందర ఊగే స్ప్రింగులు... ఇవన్నీ ఆ తర్వాతి సంగతి. బరువు మోయలేని సైకిలు వ్యాయామానికి పనికొస్తుంది, ఇంటికి పనికిరాదు. ఇంటికి పనికిరానిది నాలుగు నెలల్లో మెట్ల కిందికి చేరుతుంది. ఆ తర్వాత దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తారు.

ఇది గాల్లో మాట కాదు, మా వరంగల్ లెక్కలు చూడండి. 2020 జనవరిలో మడికొండలో టెక్ మహీంద్రా, సైయంట్ ఆఫీసులు తెరిచారు. అప్పట్నుంచి హైదరాబాద్ వెళ్ళకుండా ఊళ్ళోనే కోడు రాసుకునే అదృష్టం మాలాంటి కొందరికి దొరికింది. హన్మకొండ చౌరస్తా నుంచి మడికొండ అటూ ఇటూగా పది కిలోమీటర్లు. సైకిలు మీద అరగంట పైచిలుకు. బండి మీద వెళ్ళినా ట్రాఫిక్కులో ఇరవై నిమిషాలు ఎటూ పోతాయి. కాబట్టి వెళ్ళడం పెద్ద సమస్య కాదు. సమస్యంతా తిరిగొచ్చేటప్పుడే. కూరగాయలు, పాలు, శనివారమైతే 25 కిలోల బియ్యం బస్తా, ఇంట్లో నీళ్ళైపోతే 20 లీటర్ల క్యాన్. సిలిండర్ అయితే లోపలి గ్యాసు 14.2 కిలోలు, ఇనుము దాదాపు అంతే, వెరసి 30 కిలోలు. కాబట్టి నా పరీక్షలో పాస్ మార్కు 30. వెనకాల ముప్ఫై కిలోలు పెట్టి, ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కి దిగగలిగితే అది సైకిలు. లేకపోతే బొమ్మ.

ఈ పరీక్షలో ఎవరెక్కడ ఆగిపోతారో చూద్దాం.

షాపులో ముందు వరసలో నిలబెట్టేది లావు టైర్లు, స్ప్రింగుల మౌంటెన్ బైకు. వీటిల్లో చాలావాటికి క్యారియర్ బిగించడానికి ఫ్రేముకు రంధ్రాలే ఉండవు. సీటు కింది గొట్టానికి పట్టీ వేసి బిగించే క్యారియర్లు దొరుకుతాయి గానీ, అవి సుమారు పది కిలోలకు మించి మోయవు. లాప్‌టాప్, టిఫిన్ బాక్సు వరకూ సరే. బియ్యం బస్తా దగ్గర ఫెయిల్.

రెండోది హైబ్రిడ్. మంచి సైకిలు, తేలిక, ఆరేడు గేర్లుంటాయి. రంధ్రాలున్న ఫ్రేము చూసి కొంటే 25 కిలోలు మోసే క్యారియరు బిగించుకోవచ్చు. అయితే చాలావాటికి ఒంటికాలి స్టాండే. బరువు కడుతుండగా పక్కకి ఒరిగిపోతుంది, ఒక చేత్తో సైకిలు, ఇంకో చేత్తో బస్తా పట్టుకుని మూడో చెయ్యి కోసం వెతుక్కోవాలి. రోజుకు ముప్ఫై నలభై కిలోమీటర్లు తొక్కేవాళ్ళు, పెద్ద బరువులు లేనివాళ్ళు నిశ్చింతగా ఇదే కొనుక్కోండి. నాకేం అభ్యంతరం లేదు.

మూడోది ఐరోపాలో తయారయ్యే కార్గో సైకిలు. ముందర పెట్టెలో పిల్లల్ని కూర్చోబెట్టి తీసుకెళ్తారు, చూడముచ్చటగా ఉంటుంది. ధర లక్షల్లో. పైగా మా సందులో తిప్పాలంటే పక్కింటి గోడ జరపాలి.

ఇక మిగిలింది షాపులో వెనకాల గోడకు చేరగిలబడి ఉన్న నల్ల సైకిలు. అదడిగితే షాపతను, "అన్నా, అది పాలోళ్ళు కొంటరు. మీకు గేర్లది సూపిస్త రాండ్రి" అంటాడు. నా వోటు మాత్రం దానికే!

ఎందుకో చెప్తాను. దీని వెనక చక్రం సీటుకు కాస్త దూరంగా ఉంటుంది, అందుకని సంచులు అటూ ఇటూ వేలాడదీసినా మడమలు తగలవు. క్యారియరు కడ్డీలు నేరుగా వెనక ఇరుసు దగ్గర బిగుసుకుంటాయి. బరువు చక్రం మీదికే పోతుంది, ఫ్రేము మీద పడదు. స్టాండు రెండు కాళ్ళది, బస్తా కట్టేదాకా నిటారుగా నిలబడుతుంది. 28 అంగుళాల టైరు, ట్యూబు ఏ పల్లెలోనైనా దొరుకుతాయి. పాత ట్యూబుని పొడుగ్గా కోస్తే బరువు కట్టుకునే రబ్బరు తాడు, అదీ పంచరు షాపులోనే. కల్లు కుండలు, పాల క్యాన్లు, కొత్తవాడ జంపఖానాల మూటలు మా ఊళ్ళో దశాబ్దాలుగా దీని మీదే తిరిగాయి. 2005లో మొదలైన వరల్డ్ బైసికిల్ రిలీఫ్ అనే సంస్థ ఆఫ్రికా పల్లెల కోసం బఫెలో అనే సైకిలు చేయించింది. దాని క్యారియరు వంద కిలోలు మోస్తుంది. ఫోటో చూడండి, మన నల్ల సైకిలుకు అన్నలా ఉంటుంది!

లోపాల్లేవా? ఉన్నాయి. ఒకటి, ఇరవై కిలోల బరువు. మేడ మీద ఇల్లయితే ఇది మీకు కాదు. రెండు, వానలో రాడ్ బ్రేకులు. తడిసిన ఉక్కు రిమ్ము మీద రబ్బరు జారుతుంది, కాబట్టి వానాకాలం నెమ్మదిగా వెళ్ళాలి, ముందే నొక్కాలి. దీనికి ఇంతకన్నా మందు లేదు. మూడు, ఒకటే గేరు. దీనికి మాత్రం మందుంది, అదీ చవగ్గా.

మామూలుగా ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు దాదాపు 5.4 మీటర్లు పోతుంది. ఫ్రీవీలు మార్చి 22 పళ్ళది వేయిస్తే 4.4 మీటర్లే పోతుంది. అంటే బ్రిడ్జి ఎక్కేటప్పుడు కాళ్ళ మీద భారం అయిదో వంతు దాకా తగ్గుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే వేగం 19 కిలోమీటర్ల నుంచి 16కి పడిపోతుంది. పది కిలోమీటర్లకు ఏడు నిమిషాలు ఆలస్యం. ఈ ఏడు నిమిషాలతో ముప్ఫై కిలోల బరువుని కొనుక్కుంటున్నామన్నమాట. చైనుకు లింకు కలపాల్సి రావచ్చు, మెకానిక్కు అది అయిదు నిమిషాల పని. పొట్టివాళ్ళు 22 అంగుళాల ఫ్రేము జోలికి పోకుండా 20 అంగుళాలది అడగండి. చీరలు కట్టుకునే ఇంట్లో అడ్డకడ్డీ లేని లేడీస్ ఫ్రేమే మేలు, ఇద్దరూ తొక్కొచ్చు. క్యారియరు మాత్రం గట్టిది వేయించండి. మోకాళ్ళ నొప్పులుంటే 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం దాటని మోటారుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అదీ ఒక దారి.

ఇంతా చేసి దీన్ని కొననివ్వకుండా ఆపేది బ్రేకులు కాదు, పరువు. గేర్ల సైకిలు మీద ఆఫీసుకెళ్తే "ఫిట్‌నెస్సా సార్?" అంటారు. నల్ల సైకిలు మీద వెళ్తే గేటు దగ్గర "ఏం కావాలె?" అంటారు. నగరాల ఆలోచన కూడా ఇలాగే ఉంది. 2020లో కేంద్రం మొదలుపెట్టిన సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీలో గెలిచిన పదకొండు నగరాల్లో వరంగల్ ఒకటి. సంతోషమే. కానీ సైకిలు అనగానే పొద్దున హెల్మెట్ పెట్టుకుని తిరిగేవాళ్ళే గుర్తొస్తే ఎలా? వెనకాల నలభై కిలోలతో వచ్చే మనిషికి రోడ్డు పక్కన కాస్త ఖాళీ జాగా, ఎక్కడికెళ్ళినా స్టాండు వేసుకునే చోటు కావాలి. ఆ జాగాలో కార్లు నిలబెట్టి ఉంటాయి.

ఇంకో మాట. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం రోజే, అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ ఆగిపోయింది. అడిగేవాళ్ళు తగ్గితే నల్ల సైకిలు షాపులోంచి పోతుంది, దాని వెంటే స్పేర్లూ పోతాయి. అప్పుడు నష్టం నాకు కాదు, నేను ఇంకోటి కొనుక్కుంటాను. దాని మీద బతికేవాడికి ఇంకోటి లేదు. 2025 సెప్టెంబరులో సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. కొందామనుకునేవాళ్ళకి ఇదే మంచి అదను.

షాపుకెళ్ళినప్పుడు గేర్లు లెక్కపెట్టకండి. సైకిలు స్టాండు వేసి, క్యారియరు మీద మీరే కూర్చుని చూడండి. కిర్రుమనకపోతే బేరం మొదలెట్టండి.