పైథాన్ మండలి ఎన్నికల్లో సిక్కోలు ఓటు ఏదీ?

ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ మొదలుకొని టెక్కలి, రాజాం, చింతలవలస ఇంజినీరింగ్ కాలేజీల దాకా కంప్యూటర్ కోర్సులో చేరిన పిల్లలు పైథాన్ రాయక తప్పదు. సీబీఎస్‌ఈ పదకొండో తరగతిలోనూ అదే భాష. ఆ భాషలో ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చే ఐదుగురిని ఏటా ఓట్లేసి ఎన్నుకుంటారు. ఈ సంగతి ఏ ల్యాబ్ మాన్యువల్‌లోనూ కనబడదు.

1991లో పైథాన్‌ను విడుదల చేసిన గైడో వాన్ రోసమ్‌దే 27 ఏళ్లపాటు చివరి మాట. పెప్ 572 అనే ప్రతిపాదనపై సాగిన వాదులాటతో విసిగి 2018 జులైలో ఆయన తప్పుకున్నారు. ఇక భాషను ఎవరు నడపాలన్నదానిపై ఏడు ప్రతిపాదనలు రాగా, పైథాన్‌ను తీర్చిదిద్దే కోర్ డెవలపర్లు ఓట్లేసి స్టీరింగ్ కౌన్సిల్ పద్ధతిని ఎంచుకున్నారు. 2019 ఆరంభంలో తొలి మండలి ఏర్పడింది. గైడో కూడా అందులో సభ్యుడే, కానీ ఒక్క విడతే ఉన్నారు. అదే మండలిలో ఉన్న బ్రెట్ కానన్ వరసగా ఐదు విడతలు గెలిచారు. కరోల్ విల్లింగ్ మూడు విడతలు పనిచేశారు. బారీ వార్సా కూడా మూడు విడతలు చేసి దిగిపోయి, రెండేళ్ల తర్వాత 2024 మండలికి మళ్లీ ఎన్నికయ్యారు.

పదవికి ఇన్నిసార్లే అన్న పరిమితి లేదు. కానీ అక్టోబరులో కొత్త వెర్షన్ రాగానే పాత మండలి గడువు ముగింపుకొస్తుంది. మళ్లీ కావాలనుకున్న సభ్యులు మళ్లీ నామినేషన్ వేయాలి, ఎక్కడ ఉద్యోగం చేస్తున్నారో చెప్పాలి, మళ్లీ ఓటు అడగాలి. ఒకే కంపెనీ ఉద్యోగులు ఇద్దరికి మించి మండలిలో ఉండకూడదు. ఈ నిబంధన పెట్టినవారి ముందుచూపుకు దండం పెట్టాలి. పెద్ద కంపెనీలు జీతాలిచ్చి మనుషుల్ని పెట్టే చోట భాష ఒకరి సొత్తు కాకుండా కాపాడుతున్న వాటిలో ఇదీ ఒకటి.

పోటీ చేయడానికి కోర్ డెవలపర్ అయి ఉండాల్సిన పని లేదు, కోర్ డెవలపర్ ఒకరు ప్రతిపాదిస్తే చాలు. ఓటు మాత్రం కోర్ బృందానిదే. ఆ బృందంలో చేరాలంటే కొంతకాలం పనిచేసి చూపించాలి, వారం రోజుల ఓటింగులో మూడింట రెండొంతుల మద్దతు తెచ్చుకోవాలి, మండలి అడ్డుచెప్పకూడదు. డిగ్రీ పట్టా ఎవరూ అడగరు. భారతీయుల్లో సెంథిల్ కుమరన్ ఎప్పుడో ఆ బృందంలో చేరారు. 2025 మండలిలో కొరియాకు చెందిన డాంగ్‌హీ నా కూర్చున్నారు.

ఆ ఓటు మనకెందుకు? 2022 మార్చిలో మండలి పెప్ 594ను ఆమోదించింది. దాని ఫలితంగా 2024లో వచ్చిన 3.13 వెర్షన్ నుంచి 19 మాడ్యూళ్లు పోయాయి, సీజీఐ వాటిలో ఒకటి. పాత పుస్తకం చూసి సీజీఐ ప్రోగ్రాం కొట్టిన విద్యార్థికి ఇప్పుడు మాడ్యూల్ లేదన్న ఎర్రరే వస్తుంది. తీసేయడం సబబే కావచ్చు. కానీ ఆ చర్చ సాగిన ఏళ్లలో, పాఠం చెప్పే మాస్టారి వైపు నుంచి మాట్లాడటానికి ఇక్కడివాళ్లూ ఉండాల్సింది.

తెలుగుతో వచ్చే చిక్కు ఇంకా దగ్గరిది. పైథాన్ 3లో చలరాశికి తెలుగు పేరు పెట్టొచ్చు. 'ధర' అని పెట్టి విలువ ఇస్తే చక్కగా నడుస్తుంది. 'రైస్‌మిల్లు' అని పెడితే సింటాక్స్ ఎర్రర్! 'స' కింద 'మ' ఒత్తు పడకుండా మధ్యలో కొట్టే, కంటికి కనబడని గుర్తును పైథాన్ పేర్లలో ఒప్పుకోదు. ఎర్రర్ వచ్చిన పిల్లవాడు స్క్రీన్ వైపు ఎంతసేపు చూసినా అడ్డొచ్చిన ఆ గుర్తు కనబడదు. మరొకటి చూడండి. పలికేటప్పుడు 'శ్రీకాకుళం' నాలుగు అక్షరాలు. పైథాన్‌లో లెన్ ఫంక్షన్ పది అంటుంది, ఒక్క 'శ్రీ'కే నాలుగు లెక్కపెడుతుంది. పేర్ల జాబితాను ఇన్ని అక్షరాల దగ్గర కత్తిరించమని ప్రోగ్రాం రాస్తే గుడి ఒకచోట, హల్లు ఒకచోట పడతాయి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒకే ముక్కగా చూడాలని నియమం పెట్టింది. లెన్ మాత్రం కోడ్ పాయింట్లనే లెక్కపెడుతోంది. ఇలాంటివి మారాలంటే ప్రతిపాదన రాయాలి, వాదించాలి, మండలిని ఒప్పించాలి. మళ్లీ ఓటడగడానికి వచ్చిన సభ్యుణ్ని 'ఈ ఏడాది భారతీయ లిపుల గురించి ఏం చేశారు?' అని నిలదీసే ఓటరు ఉంటే ఆ పని ఎంత సులువవుతుందో!

ఉద్యోగం దొరికితే చాలు, ఈ గొడవ మనకెందుకనేవాళ్లు ఉన్నారు. ఫ్రాన్సు, జపాన్ వాళ్లు ఇందులో తలదూర్చింది ఉద్యోగాలు లేక కాదు. పైథాన్ డాక్యుమెంటేషన్‌ను ఇతర భాషల్లో అధికారికంగా పెట్టడానికి వీలు కల్పించిన పెప్ 545ను 2017లో రాసింది జూలియెన్ పలార్డ్, ఇనాడా నవోకి, విక్టర్ స్టిన్నర్. స్టిన్నర్ తర్వాత 2020 మండలిలో సభ్యుడయ్యారు. ఇవాళ ఆ డాక్యుమెంటేషన్ సైట్‌లో భాషల మెనూ నొక్కితే ఫ్రెంచి, జపనీస్, కొరియన్, టర్కిష్ కనిపిస్తాయి. తెలుగు లేదు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా మన సిక్కోలు (శ్రీకాకుళం). ఆయన శ్రద్ధగా నేర్చుకున్న సవర భాషకు 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన లిపి 2012లోనే యూనికోడ్‌లో చేరింది, ఆ ఏడాదే పైథాన్ 3.3తో పైథాన్‌లోకీ వచ్చింది.

కాబట్టి విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం, ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ, స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు ఒక నిర్ణయం తీసుకోవాలి. పైథాన్‌కు పంపి, సమీక్ష దాటి, చేర్చుకున్న సవరణను ఇంటర్న్‌షిప్ కింద లెక్కించాలి. ఎక్కడినుంచో సర్టిఫికెట్ తెచ్చి ఫైల్లో పెట్టడం కన్నా ఇది కష్టమైన పని, పైగా ఎవరైనా తెరిచి చూసుకోగల పని. ఏటా నవంబరులో నామినేషన్లు రాగానే ల్యాబ్‌లో ఒక పూట వాటిని చదివించాలి. మళ్లీ నిలబడ్డవాళ్లు కిందటేడు ఇచ్చిన మాటతో పోల్చి చదివించాలి.

వెంటనే చేయగలిగింది అనువాదం. మెనూలో తెలుగు కనబడాలంటే ముందుగా ట్యుటోరియల్, బిల్ట్-ఇన్ ఫంక్షన్ల పేజీ, తప్పులు తెలియజేసే పేజీ పూర్తి కావాలి. అనువాదం చేసినంత మాత్రాన ఓటు రాదు. కానీ సమీక్షకు పంపడం, దిద్దుబాటు ఒప్పుకోవడం, అవతలివాళ్లతో మాట కలపడం అక్కడే అలవాటవుతాయి. ట్యుటోరియల్‌లో ఉన్నవి 16 అధ్యాయాలు. ఎచ్చెర్ల, టెక్కలి, రాజాం, విజయనగరం తలా నాలుగు పంచుకుని ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టవచ్చు.