బరువైన ట్యాంకే గొప్పదా?

మన హాస్టల్ తమ్ముళ్లు ఊహా యుద్ధాలు మొదలెడితే అందరికీ పెద్ద ట్యాంకే కావాలి. నా ఓటు తేలిక బండికి. 1974లో అనుమతి పొందిన మన అర్జున్ 2004లోగానీ సైన్యానికి అందలేదు. బరువు 58 టన్నుల పైమాటే. మందపాటి కవచం లోపలివాళ్ల ప్రాణం కాస్తుంది, కాదనను. వెడల్పాటి చైన్ల వల్ల బురదలోనూ అంతగా దిగబడదు. కానీ వంతెన మొత్తం బరువునూ మోయాలి కదా! మన రాయవరం కాలువల మీది వంతెనలు ఓసారి తలచుకోండి.

1971 నవంబరులో బెంగాల్ డెల్టాలోని గరీబ్‌పూర్ దగ్గర మన పీటీ-76లు తమకన్నా బరువైన పాకిస్తాన్ ఛాఫీ ట్యాంకులను చిత్తు చేశాయి. 14 టన్నుల ఆ బండ్లు నీళ్లలో ఈదగలవు. ఎద్దుమైలారం కర్మాగారంలో తయారయ్యే శరత్ కూడా ఈదుతుంది. అది ట్యాంకు కాదంటారా? నిజమే, సైనికులను మోసే కవచ వాహనం. అయినా వంతెన కూలిన రోజున అవతలి గట్టుకు ముందు చేరేది అదే.