చీనా నవకవితకు ఛందస్సు లేదా?



మొన్న ఒక సభలో ఒక యువకవి "చీనావారు నూరేళ్ళ క్రితమే ఛందస్సును పాతిపెట్టారు, మనమింకా గణాలు లెక్కపెట్టుకొంటున్నాం" అని సెలవిచ్చారు. చప్పట్లు మ్రోగాయి. ముప్పైయేళ్ళు బడిలో యమాతారాజభానసలగం వల్లె వేయించినవాణ్ణి, ఊరకుండలేకపోయాను. తమరు ఆ కవితలను ఏ భాషలో చదివారని అడిగితే, ఆంగ్లానువాదంలో అన్నారు. పోతన పద్యాన్ని ఆంగ్లంలో చదివి, తెలుగువారికి యతిప్రాసలు లేవని తీర్పు చెప్పినట్లుంది!

1917లో హు షి 'నవయువత' పత్రికలో వాడుకభాషకోసం వాదించినమాట నిజమే. పాదానికి ఐదో ఏడో అక్షరాలుగల ప్రాచీన పద్యంలో ఆ భాష ఇమడలేదు. గ్రాంథిక చీనాలో తరచు ఒక అక్షరమే ఒక మాట. వాడుకలో రెండక్షరాల మాటలు మిక్కుటం, పైగా తేల్చి పలికే ప్రత్యయాలు. కనుక కొలత మారవలసివచ్చింది. కొలతే అక్కరలేదని ఎవరన్నారు? హు షి సైతం 1919 నాటి వ్యాసంలో సహజమైన లయ ఉండాలనే అన్నాడు.

ఇక వెన్ ఇదువో. 1926లో కవితాఛందస్సుపై వ్యాసం వ్రాసి, కవితకు సంగీత, చిత్ర, వాస్తు సౌందర్యాలు మూడూ కావాలన్నాడు. ఆయన 'మృతజలం' కవితలో 20 పాదాలు, పాదానికి 9 అక్షరాలు, నాలుగేసి గణాలు. మూడు గణాలు రెండక్షరాలవి, ఒకటి మూడక్షరాలది. ఆ మూడక్షరాల గణం ఒక్కొక్క పాదంలో ఒక్కొక్క చోట వస్తుంది. అందుచేత నడక మరబొమ్మ నడక కాదు. మూడు, నాలుగు మాత్రలను కలిపి గురజాడ ముత్యాలసరం కూర్చలేదా? చీనాభాష రానివారు కూడా అచ్చుపేజీపై వేలుపెట్టి అక్షరాలు లెక్కించవచ్చు. నేనట్లే లెక్కించాను. (మొదటిసారి విరామచిహ్నాన్నీ కలిపేసి పది అనుకొన్నాను.)

అయితే మా పండితవర్గమూ సంబరపడనక్కరలేదు. వెన్‌ను అనుకరించినవారు పలువురు నడకను వదిలి అక్షరాలను మాత్రం సమంగా కోసిపెట్టారు. అటువంటి కవితలను చీనావారే 'టోఫు ముక్కలు' అని వెక్కిరించారు. నా విద్యార్థులచేత నేను వ్రాయించిన ఉత్పలమాలలలో ఆ ముక్కలెన్నో! గణాలు సరిపోతే మార్కులు వేసినవాణ్ణి నేనే; ఒక్కనాడైనా గొంతెత్తి చదివించి వినలేదు. 1954లో హ చిఫాంగ్ అక్షరసంఖ్యను పట్టుకొని వ్రేలాడక, పాదపాదానికీ విరుపుల సంఖ్య కుదరాలన్నాడు. విరుపు చెవికి తెలుస్తుంది, కంటికి కాదు.

వచనకవిత వ్రాయదలచినవారు నిరభ్యంతరంగా వ్రాయండి, చదువుతాను. కాని చీనాను సాక్ష్యానికి పిలవకండి. ఆ యువకవి మరల ఎదురైతే, ముందు మూలాన్ని చదివే గొంతు వినిపించమంటాను. తాళం నేను వేస్తాను.