మీటరు చెప్పే లెక్క

నెల తిరిగి బిల్లు చేతికొచ్చాక గానీ ఎంత కరెంటు కాల్చామో తెలియదు. అప్పటికిక కట్టడం తప్ప చేసేదేమీ ఉండదు. స్మార్ట్‌ మీటరుతో వచ్చే మొదటి లాభం ఇక్కడే. రీడింగు కోసం ఎవరూ గుమ్మం ఎక్కనక్కర్లేదు. రోజువారీ వాడకాన్ని సెల్‌ఫోన్లోనే చూసుకోవచ్చు.

రెండు వేల వాట్ల గీజరు అరగంటసేపు నీళ్లు కాస్తే ఒక యూనిట్టు. రోజుకో అరగంట తగ్గిస్తే నెలకు 30 యూనిట్లు మిగులుతాయి. పై స్లాబులోకి వెళ్లకుండా ఆగడానికి ఒక్కోసారి అదే చాలు. అందరూ నిద్రపోయాక కూడా వాడకం ఎక్కువగా కనిపిస్తోందా? పాత ఫ్రిజ్‌నో, ఆపకుండా వదిలేసిన మోటారునో అనుమానించాల్సిందే.

వేళను బట్టి ధర మారే పద్ధతికీ ఈ మీటరే ఆధారం. కేంద్రం 2023లో సవరించిన నిబంధనల ప్రకారం, ఎండ కాసే సౌర విద్యుత్‌ వేళల్లో ధర కనీసం 20 శాతం తక్కువుండాలి. గిరాకీ వేళల్లో ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ. మీ రాష్ట్రంలో ఇది అమలైతే, వాషింగ్‌ మెషీన్‌ను మధ్యాహ్నానికి మార్చుకోవడం మేలు. రాత్రి పొద్దుపోయేదాకా ఏసీ వేసేవారికి మాత్రం బిల్లు పెరగొచ్చు.

కొత్త మీటరు గిర్రున తిరుగుతోందని సందేహమా? ఫిర్యాదు చేస్తే 5 రోజుల్లోగా పక్కనే మరో మీటరు పెట్టి, కనీసం 3 నెలలు సరిచూడాలని 2024 నిబంధన చెబుతోంది. ఆ హక్కును వాడుకోండి.

మీటరు లెక్క చెబుతుందంతే. స్విచ్చి ఆపాల్సింది ఇంట్లోవాళ్లే!