మడమ మీద ఒక్క నెత్తుటి బొట్టు

మాసబ్ ట్యాంక్‌లో ఇప్పుడు చెరువు లేదు. పేరులో మాత్రం ఒక అమ్మ మిగిలింది. కుతుబ్‌షాహీల ఇంటి పెద్దావిడను జనం గౌరవంగా ‘మా సాహెబా’ అనేవారు. ఆమె పేరుమీద వెలిసిన చెరువు జనం నోళ్లలో నలిగి నలిగి మాసబ్ ట్యాంక్ అయింది. అక్కణ్నుంచి ఏసీ గార్డ్స్ వైపు తిరిగితే మహావీర్ ఆసుపత్రి, దాని జన్యు పరిశోధన కేంద్రం. ఇంకాస్త ముందుకెళ్తే రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ పిల్లల ఆసుపత్రి. పొద్దున్నే ఈ దారిలో ఆటోలు దిగే తల్లుల్లో కొందరి చంకన ఏడాది దాటినా మెడ నిలవని బిడ్డ ఉంటుంది. మూడేళ్లొచ్చినా పిలిస్తే పలకని బిడ్డ ఉంటుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగైదు ఆసుపత్రుల చీటీలు, మడతలు పడ్డ ఎమ్మారై ఫిల్ములు.

‘వాళ్ల నాన్నకు కూడా మాట ఆలస్యంగానే వచ్చింది, కంగారెందుకు’ అంటుంది అత్తగారు. ఆ ఒక్క మాట మీద ఏడాది గడిచిపోతుంది. తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. గ్రహణం పూట బయట తిరిగావా? నీళ్లోసుకున్నాక ఏం తిన్నావు? మీ పుట్టింటి వైపు ఇలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా? అన్నీ తల్లికే. తండ్రిని ఎవరూ ఏమీ అడగరు. జన్యుశాస్త్రం ఇంకేమీ సాధించకపోయినా, ఈ ప్రశ్నలు తప్పని తేల్చినందుకే దానికి దండం పెట్టవచ్చు.

ఇది ఏవో కొద్ది ఇళ్ల బాధ కాదు. మనదేశంలో ఐదు చోట్ల, రెండేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలు 3,964 మందిని పరీక్షించిన అధ్యయనం ఒకటి 2018లో ‘ప్లాస్ మెడిసిన్’ పత్రికలో అచ్చయింది. పల్వల్, కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవాలతో పాటు ఐదోది మన హైదరాబాదే. చూపు, వినికిడి, మాట, నడక, ఫిట్స్, ఆటిజం, మేధో వైకల్యం, ఆరేళ్లు దాటిన పిల్లల్లో వీటికి తోడు ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ, చదువులో ఇబ్బందులు చూశారు. వీటిలో కనీసం ఒకటైనా ఉన్న పిల్లలు ఆరేళ్లు దాటినవాళ్లలో ప్రాంతాన్ని బట్టి నూటికి 6.5 నుంచి 18.5 దాకా తేలారు. కాన్పు వేళ బిడ్డకు ఊపిరాడకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువు, మెదడుకు సోకిన ఇన్ఫెక్షన్, గిడసబారిన ఎదుగుదల - వీటికీ ఈ సమస్యలకూ గట్టి సంబంధం ఉందని ఆ అధ్యయనం చెప్పింది. అన్నింటినీ జన్యువుల ఖాతాలో వేయడం పొరపాటే. అయితే కాన్పు సవ్యంగా జరిగి, బిడ్డ కేరుమని ఏడ్చి, బరువూ బాగుండి, ఆ తర్వాత ఎదుగుదల ఆగిన ఇళ్లున్నాయి. జవాబు కోసం జన్యువుల దాకా వెళ్లాల్సింది ముఖ్యంగా అక్కడే.

జన్యువుల లెక్కలో ముఖ్యమైన దారులు రెండు. మొదటిది, అండంలోనో వీర్యకణంలోనో కొత్తగా పడిన తప్పు. డీఎన్ఏ అనే మూడు వందల కోట్ల అక్షరాల గ్రంథాన్ని తిరగరాసేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం మారుతుంది. తల్లిదండ్రుల రక్తం పరీక్షిస్తే ఆ తప్పు కనిపించదు. వంశంలో వెతికినా దొరకదు. తీవ్రమైన మేధో వైకల్యం ఉన్న పిల్లల్లో చాలామందికి, ఆటిజం ఉన్నవాళ్లలో కొందరికి కారణం ఇదే. ఐస్‌లాండ్ కుటుంబాల మీద 2012లో వచ్చిన పరిశోధన ఇంకో మాట చెప్పింది: ఇలాంటి కొత్త మార్పుల్లో ఎక్కువ భాగం తండ్రి వైపు నుంచే వస్తాయి, తండ్రి వయసుతో పాటే పెరుగుతాయి. ఇక తండ్రిని బోనెక్కించమని దీనర్థం కాదు. ఈ మార్పులు ఎవరూ కావాలని చేసేవి కావు, ఎవరూ ఆపగలిగేవీ కావు. గ్రహణానికీ బొప్పాయికీ వీటితో ఏ సంబంధమూ లేదు.

రెండో దారి తెలుగువాళ్ల ఇంటి ముందు నుంచే పోతుంది. ప్రతి మనిషిలోనూ కొన్ని జన్యువుల్లో లోపాలుంటాయి. జతలో రెండోది బాగున్నంతకాలం అవి బయటపడవు. భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే జన్యువులో లోపముంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు. మేనత్త, మేనమామ పిల్లల జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడి. మేనమామకూ అక్క కూతురికీ నాలుగో వంతు. చుట్టరికం దగ్గరయ్యేకొద్దీ ఒకే లోపం రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది. అంతమాత్రాన మేనరికం చేసుకున్న ప్రతి జంటనూ భయపెట్టకూడదు. ఏ దంపతుల బిడ్డకైనా పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు నూటికి రెండు మూడు ఉంటుంది. బావామరదళ్ల పెళ్లిలో దానికి మరో రెండు మూడు కలుస్తుంది. అంటే వందలో తొంభై మందికి పైగా పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. ఈ లెక్కను ఇంత సూటిగా, తిట్టకుండా, భయపెట్టకుండా చెప్పే మనిషి ఎదురుపడక ఎన్ని జంటలు రెండో కాన్పులోనూ అదే దుఃఖం చూశాయో!

మేనరికం మానేస్తే సరిపోతుందా? సరిపోదని హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో ‘నేచర్ జెనెటిక్స్’లో చూపించాయి. దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాలు తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల, కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చిన లోపాలనే ఎక్కువగా పంచుకుంటున్నాయని తేలింది. ఇందులో వాళ్లు చెప్పిన ఉదాహరణ తెలుగు నేలదే. వైశ్యుల్లో కొందరికి మత్తుమందు ఇచ్చాక కండరాలు తేరుకోవడానికి చాలాసేపు పట్టే జన్యులోపం ఇతరుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అది మెదడు ఎదుగుదల జబ్బు కాదు. కానీ దారి అదే. చుట్టరికం ఏమీ లేదనుకున్న సంబంధంలోనూ ఇరవై ముప్ఫై తరాల వెనుక ఒకే తాత ఉండవచ్చు. ఏ సమూహంలో ఏ లోపం ఎక్కువో ముందే తెలిస్తే, పెళ్లికో కాన్పుకో ముందు ఒక్క రక్తపరీక్షతో జాగ్రత్త పడవచ్చు. అష్కెనాజీ యూదులు 1970ల నుంచి టే-సాక్స్ జబ్బు విషయంలో చేసింది ఇదే. వాళ్లలో ఆ జబ్బుతో పుట్టే బిడ్డలు నూటికి తొంభై పాళ్లు తగ్గారు.

‘జబ్బు పేరు తెలిస్తే ఏం లాభం, మందు లేదు కదా’ అనేవాళ్లున్నారు. రెట్ సిండ్రోమ్ ఈ మాటకు ఎదురు నిలుస్తుంది. ఏడాది దాకా బాగానే పెరిగిన ఆడపిల్ల మాట మరిచిపోతుంది, వస్తువు పట్టుకోవడం మానేస్తుంది, చేతులు కడుక్కుంటున్నట్టు పిసుక్కుంటూ ఉంటుంది. 1999లో హుడా జోగ్బీ బృందం దీనికి కారణమైన జన్యువును పట్టుకుంది. 2007లో ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం, ఇదే జబ్బు ముదిరిన ఎలుకల్లో ఆ జన్యువును మళ్లీ పనిచేయిస్తే లక్షణాలు చాలామటుకు వెనక్కి తగ్గాయని చూపింది. నాడీకణాలు చచ్చిపోలేదు, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం ఆగిందంతే. 2013లో వియన్నాలో మూలకణాల నుంచి బఠాణీ గింజంత మెదడు కణజాలాన్ని గాజుపాత్రలో పెంచారు. బిడ్డ చర్మం నుంచి తీసిన కణంతోనే ఆ బిడ్డ మెదడులో ఎక్కడ తేడా వచ్చిందో చూసే వీలు కలిగింది. ఇలాంటి జన్యు పరిశోధనల్లో మనవాళ్ల చెయ్యీ ఉంది. కాకినాడలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, హార్వర్డ్‌లో ఆచార్యుడైన కూచెర్లపాటి రాజు బృందం, పిల్లల గుండెనూ ఎదుగుదలనూ దెబ్బతీసే నూనన్ సిండ్రోమ్‌కు కారణమైన ఒక జన్యువును 2007లో గుర్తించింది.

ప్రయోగశాలలోని ఈ మూలకణం పేరు చెప్పి, ఆటిజం నయం చేస్తామని తల్లిదండ్రుల చేత పొలాలు అమ్మించేవాళ్లు మాత్రం వేరు. రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు తప్ప మూలకణ చికిత్సను అనుమతి పొందిన ప్రయోగాల బయట వాడకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. ఆ మాట ప్రతి పిల్లల ఆసుపత్రి గోడ మీదా తెలుగులో ఉండాలి.

మందు ఉండీ మనం ఇవ్వలేకపోతున్న జబ్బుల సంగతి దీనికంటే బాధాకరం. పుట్టుకతో థైరాయిడ్ పనిచేయని బిడ్డ పైకి అందరిలాగే ఉంటుంది. కాస్త ఎక్కువ నిద్ర, పాలు తాగడంలో బద్ధకం, తగ్గని పసిరికలు, అంతే. ‘నెమ్మదైన పిల్ల’ అని మురిసిపోతారు. ఈలోగా మెదడులో నాడీకణాలు తమ చోటికి చేరడానికీ, వాటి మీద పొర ఏర్పడటానికీ కావలసిన హార్మోను అందదు. మొదటి రెండు వారాల్లో మొదలుపెడితే రోజుకు ఒక చిన్న మాత్ర చాలు. దాన్ని నలిపి, కాసిని తల్లిపాలలో కలిపి ఉగ్గుగిన్నెతో పట్టిస్తే ఆ బిడ్డ అందరితో పాటు బడికి వెళ్తుంది. నెలలు గడిచాక మొదలుపెడితే పోయిన తెలివి పూర్తిగా తిరిగి రాదు.

దీన్ని కనిపెట్టే పరీక్ష బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకు చేస్తారు. నర్సమ్మ పసిబిడ్డ మడమను గోరువెచ్చని గుడ్డతో పట్టుకుని కాసేపు వెచ్చబరుస్తుంది. మధ్యలో కాకుండా పక్క భాగంలో గుచ్చుతుంది. మొదటి బొట్టును దూదితో తుడిచేసి, రెండో బొట్టును దళసరి కాగితం మీద అచ్చువేసిన గుండ్రటి గీతకు తాకిస్తుంది. నెత్తురు ఆ గీత నిండి, కాగితం వెనక వైపుకు ఇంకాలి. అలా నాలుగైదు గుండ్రాలు నింపి, నీడలో మూడు నాలుగు గంటలు ఆరనిస్తే చాలు, కవరులో పెట్టి ఏ ఊరి నుంచైనా ల్యాబుకు పోస్టు చేయవచ్చు.

ఈ పని హైదరాబాద్‌కు కొత్త కాదు. సీడీఎఫ్‌డీలో డాక్టర్ ఎ. రాధా రమాదేవి బృందం నగరంలోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది పసికందులను ఇలాగే పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించింది. థైరాయిడ్ లోపం 1,700 మందిలో ఒకరికి కనిపించింది. పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలు వెయ్యికి ఒకరి చొప్పున తేలాయి. తర్వాత ఐసీఎంఆర్ హైదరాబాద్‌తో సహా ఐదు నగరాల్లో లక్షమందికి పైగా శిశువులను చూసినప్పుడు థైరాయిడ్ లోపం 1,130 మందిలో ఒకరికి ఉంది. గోవా 2008లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షకు శ్రీకారం చుట్టింది. లెక్క తేలిన ఊళ్లోనే ఇరవై ఏళ్లు దాటినా ప్రతి పసిబిడ్డకూ ఆ కాగితం అందకపోవడాన్ని ఎలా సమర్థించుకుంటాం? పుట్టిన ప్రతి బిడ్డకూ బీసీజీ వేస్తున్నాం, పోలియో చుక్కలు వేస్తున్నాం. 2017 నుంచి తెలంగాణలో కాన్పు కిట్‌లో సబ్బూ నూనే దోమతెరా పెట్టి ఇచ్చాం. మడమ చుక్క కాగితం ఆ వరుసలోనే చేరాలి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ. కాగితం ఒక్కటే చాలదు. ఫలితం తేడాగా వస్తే ఆ తల్లికి ఫోన్ చేసి వారంలోగా వెనక్కి రప్పించే మనిషి కూడా ఉండాలి. ఆశా కార్యకర్త కంటే ఆ పనికి తగినవాళ్లు ఎవరు?

జన్యు సలహా కోసం దూరదేశాలు పోనక్కర్లేదు. మాసబ్ ట్యాంక్ నుంచి పంజాగుట్టకు వస్తే నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. 2021 అరుదైన వ్యాధుల విధానంలో సీడీఎఫ్‌డీతో కలిపి నిమ్స్‌ను ఉన్నత కేంద్రంగా గుర్తించారు. అమీర్‌పేట దాటితే బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యు వ్యాధుల సంస్థ ఉంది. ఇవన్నీ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఆదిలాబాద్ నుంచో నారాయణపేట నుంచో బిడ్డను చంకన వేసుకుని బయల్దేరిన తల్లికి మాత్రం ఈ తలుపుల గురించి ఎవరూ చెప్పరు. జిల్లా ఆసుపత్రి నుంచి ఇక్కడికి దారి చూపే చీటీ ఒకటి మొదటి రోజే చేతికొస్తే, ప్లాస్టిక్ కవరు అంత లావెక్కదు.

జన్యు సలహా ఇచ్చే గదిలో ముందు జరిగేది సూది కాదు, కబుర్లే. తెల్లకాగితం మీద మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా. దగ్గరి సంబంధమైతే దంపతుల మధ్య రెండు గీతలు. ‘మీ ఆయన మీకు ఏమవుతారమ్మా?’ ‘మా మేనమామే.’ ‘మీ అమ్మగారికి ఎంతమంది? ఎవరైనా పసితనంలో పోయారా?’ అలా మూడు తరాలు కాగితం మీదికి వస్తాయి. బిడ్డ ఉన్న చోట నల్ల రంగు నింపి, పక్కన ఒక బాణం గీస్తారు. ఎక్కడా తప్పు చేసినవాళ్లకు గుర్తు ఉండదు. నెలల తర్వాత ఫలితం వచ్చాక ఆ తల్లి మళ్లీ వస్తుంది. ఈసారి వెంట చెల్లెలు కూడా ఉంటుంది. బావతో పెళ్లి ఖాయమైన ఆ అమ్మాయి కుర్చీ అంచున కూర్చుని, ముందు తన రక్తం తీయమని చెయ్యి చాపుతుంది.