చెరువు నీటిలో బ్యాక్టీరియాను తినేదెవరు?

చేపల చెరువులో వ్యాధి కనిపించగానే రెండు ప్రశ్నలు వినిపిస్తాయి: కారణం ఏ బ్యాక్టీరియా? ఏ మందు వాడాలి? ఈ రెండూ అవసరమైనవే. అయితే ఆ బ్యాక్టీరియాను అదే నీటిలో తినే జీవులు ఏవి, అవి దానిని ఎందుకు అదుపు చేయలేకపోయాయి అనే మూడవ ప్రశ్నకు డాక్టరేట్ పరిశోధనలలో తగిన స్థానం కల్పించవలసి ఉంది.

మంచినీటిలో మిల్లీలీటరుకు సాధారణంగా పది లక్షల వరకు బ్యాక్టీరియా ఉంటుంది. అది త్వరగా విభజన చెందగలిగినా సంఖ్య హద్దు లేకుండా పెరగదు. ఆహార కొరతతో పాటు భక్షక జీవులు ఇందుకు కారణం. కశాభాలు, శైలికలు గల ఏకకణ జీవులు బ్యాక్టీరియాను మింగుతాయి. బ్యాక్టీరియోఫేజ్‌లనే వైరస్‌లు వాటిని పగులగొడతాయి. 1962లో శాస్త్రవేత్తలు వెల్లడించిన డెల్లోవిబ్రియో అనే సూక్ష్మ బ్యాక్టీరియా, గ్రామ్-నెగెటివ్ బ్యాక్టీరియాలోకి చొచ్చుకుపోయి, లోపలి పదార్థాన్ని తిని వృద్ధి చెందుతుంది. చేపలలో పుండ్లు, రక్తస్రావం కలిగించే ఏరోమోనాస్ హైడ్రోఫిలా కూడా గ్రామ్-నెగెటివ్ వర్గానికి చెందినదే.

కొల్లేరు పరిసరాలలోని బొచ్చె, శీలావతి చెరువులకు ఈ విషయం ముఖ్యమైనది. నీటిలో చల్లే క్రిమిసంహారకాలు బ్యాక్టీరియాను, దానిని తినే జీవులను వేరు చేసి చూడవు. మందు ప్రభావం తగ్గిన తరువాత, వేగంగా విభజన చెందే బ్యాక్టీరియా తన భక్షకుల కంటే ముందుగా కోలుకునే అవకాశం ఉంది. అప్పుడు రైతు మళ్ళీ మందు కొనవలసి వస్తుంది. యాంటీబయాటిక్‌లను పదేపదే వాడితే నిరోధక శక్తి గల బ్యాక్టీరియా మిగులుతుంది.

అలాగని భక్షక జీవులను చెరువులో వదిలితే సమస్య తీరుతుందనుకోవడం తొందరపాటు. కొన్ని బ్యాక్టీరియా పొడవైన పోగులుగా పెరిగి మింగుడుపడకుండా తప్పించుకుంటాయి. మరికొన్ని ఏకకణ జీవుల లోపల కూడా జీర్ణం కాకుండా బతుకుతాయి. ప్రయోగశాలలో ఒక గాజుకుప్పెలో ఒకే భక్షకిని, ఒకే ఆహార జీవిని ఉంచి పొందిన ఫలితం, మేత, ఎరువు, ఎండ, వాన కలిసి పనిచేసే చెరువుకు యథాతథంగా వర్తించదు.

కనుక పరిశోధన చెరువు గట్టుకు చేరాలి. భక్షక జీవులను వడకట్టి తొలగించిన నీటిలోను, వడకట్టని నీటిలోను బ్యాక్టీరియా పెరుగుదలను పోల్చడం మన ప్రయోగశాలలకు అసాధ్యం కాదు. మందు వాడకానికి ముందు, తరువాత, కనీసం ఒక ఏడాదిలోని అన్ని రుతువులలో ఈ కొలతలు తీసుకోవాలి. భక్షణ ప్రభావం స్వల్పమని తేలినా ఆ సిద్ధాంత గ్రంథాన్ని విఫలమైనదిగా పరిగణించరాదు. ఏ పరిస్థితిలో మందు అవసరమో, ఎప్పుడు వేచి చూడవచ్చో రైతుకు చెప్పగలగడానికి ఆ ఫలితం కూడా ఆధారమే.