ఫీజిబిలిటీ లేదట!

మా ఊరికి ఇంటర్నెట్ ఇవ్వడానికి ఫీజిబిలిటీ లేదట. మూడేళ్లకు పైగా తిరిగాక మాకు దక్కిన జవాబు ఇది. మా ఇంట్లో ఇద్దరం టీచర్లమే, డైట్‌లో చదువుకున్నవాళ్లం కనక ఆ ఇంగ్లీషు మాట మాకు తెలిసింది. ఊళ్లో పెద్దవాళ్లకు చెప్పాలి కదా. మా భాషలో అలాంటి మాట లేదు. 'వాళ్లకి గిట్టుబాటు కాదంట' అని చెప్పాం. 'అలా చెప్పు మరి' అన్నాడు మా చినతాత. ఇంగ్లీషులో అంటే కొండ అడ్డం వచ్చినట్టు ఉంటుంది. తెలుగులో అంటే లెక్క బయటపడుతుంది.

మాది పాడేరు ఏజెన్సీలో ముప్పై నాలుగు గడపల ఊరు. పంచాయతీ కేంద్రం అయిదు కిలోమీటర్లు. దారిలో రెండు ఊళ్లు, ఒక గెడ్డ, కొంతమేర రిజర్వు ఫారెస్టు. ఫోను సిగ్నలు ఊరి పైనున్న చింతచెట్టు కింద ఒక గీత వస్తుంది, ఇంకా పైకి బండ ఎక్కితే రెండు గీతలు. వానాకాలంలో బండ జారుతుంది కనక అప్పుడు ఒక గీతే.

2022 మార్చిలో, కాఫీ డబ్బులు చేతికొచ్చిన రోజుల్లో, ఇంటికి ఫైబర్ కనెక్షన్ కావాలని మండల కేంద్రంలో ఒక ఆఫీసుకు వెళ్లాం. ఫారంలో మొదటి గడి డోర్ నెంబరు. మా ఇళ్లకు డోర్ నెంబర్లు లేవు. 'మరి మీకు ఉత్తరాలెలా వస్తాయి?' అని అడిగాడు అక్కడి కుర్రాడు. 'సంతరోజున వస్తాయి' అన్నాం. అతను నవ్వాడు. మేం నవ్వలేదు, నిజం చెప్పాం అంతే. డోర్ నెంబరు లేకపోతే కంప్యూటర్ ముందుకు పోదన్నాడు. సచివాలయం నుంచి నివాస ధ్రువపత్రం తెచ్చి ఇచ్చాక పోయింది.

రెండోసారి వెళితే ఒక్క ఇంటి కోసం లైను వెయ్యరు, కనీసం పది ఇళ్లుండాలి అన్నారు. పదకొండు ఇళ్లను ఒప్పించాం. అందులో అయిదు ఇళ్లకు టీవీ కూడా లేదు. పిల్లలు హాస్టళ్లలో చదువుతున్నారు, సెలవులకొస్తే పనికొస్తుందని డబ్బు కట్టారు. అప్పుడు లైను చూసే ఆపరేటర్ వచ్చి, దారంతా నడిచి చూసి, మా అరుగు మీద కూర్చుని చెప్పాడు: 'మేష్టారూ, నా మీద కోపం పెట్టుకోకండి. స్తంభం స్తంభానికీ వైరు కట్టుకుంటూ అయిదు కిలోమీటర్లు రావాలి. పదకొండిళ్ల నెలబిల్లుతో నా పెట్టుబడి ఎన్నేళ్లకి తిరిగొస్తాది? గాలివానకి చెట్టు పడితే మళ్లీ నేనే రావాలి.' అతని మీద మాకు కోపం లేదు. అతనూ కొండ కింద ఊరివాడే, అప్పు చేసి లైను తీసుకున్నవాడు. అయిదు కిలోమీటర్ల ఖర్చు అతని నెత్తిన ఎవరు పెట్టారన్నదే అడగాలి.

మూడోది ఫారెస్టు. ఆ అడవిలోంచి మా ఊరికి కరెంటు స్తంభాలు ఎప్పుడో వచ్చాయి. ఫైబర్ వైరు ఆ స్తంభాలకే వేలాడుతుంది, కొత్తగా ఒక్క గుంత తవ్వక్కర్లేదు, ఒక్క కొమ్మ కొట్టక్కర్లేదు. అయినా అటవీ అనుమతి కావాలన్నారు. మేం అటవీ హక్కుల చట్టం తీసి చదివాం. 2006 చట్టంలో సెక్షన్ 3, ఉపసెక్షన్ 2. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రేషన్ షాపు, ఆ తర్వాత అయిదోది కరెంటు, టెలికాం లైన్లు. ఇలా మొత్తం పదమూడు రకాల ప్రభుత్వ సదుపాయాలకు, ఒక్కోదానికి హెక్టారు మించకుండా, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, అటవీ భూమి వాడుకోవచ్చని ఉంది. దానికి కావాల్సింది గ్రామసభ సిఫార్సు. అంటే మన సిఫార్సు. ఈ సెక్షన్‌ను మన టీచర్లలో ఎంతమంది చదివాం? మేం కూడా అవసరం పడ్డాకే చదివాం, ఒప్పుకుంటున్నాం.

గ్రామసభ పెట్టాం. తీర్మానం రాశాం. వేలిముద్రలు, సంతకాలు పెట్టించి ఇచ్చాం. ఏడు నెలల తర్వాత అడిగితే ఆ కాగితం కనపడలేదు. రసీదు అడగకపోవడం మా తప్పు.

ఆ తర్వాత ఒకరోజు చింతచెట్టు కింద నిలబడి ఉంటే ఫోనుకి మెసేజ్ వచ్చింది. మా ఫిర్యాదు పరిష్కారమైందట, సేవలు మాకు సంతృప్తి ఇచ్చాయో లేదో చెప్పాలట. ఇంట్లో నెట్ లేనందుకు చెట్టు కిందికి వెళ్లి, ఇంటికి నెట్ వచ్చిందన్న మెసేజ్ చదువుకున్నాం. ఏమైందని కనుక్కుంటే పంచాయతీ కేంద్రంలో సచివాలయానికి లైను కలిసింది, మా దరఖాస్తు ఆ పంచాయతీ కిందే ఉంది, కాబట్టి మూసేశారు. మళ్లీ తెరవమంటేనే ఆ ఫీజిబిలిటీ మాట వచ్చింది.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. 2011 అక్టోబరులో కేంద్రం ఆప్టికల్ ఫైబర్ పథకానికి అనుమతి ఇచ్చినప్పుడు లక్ష్యం రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలు. తర్వాత దానికే భారత్‌నెట్ అని పేరు. పంచాయతీకి వైరు చేరితే లెక్కలో ఒక టిక్కు పడుతుంది. మైదానంలో పంచాయతీ అంటే చాలాచోట్ల ఒక ఊరు, ఇంకో శివారు. ఆఫీసు నుంచి ఆఖరి ఇంటికి నడిచి పోవచ్చు. ఏజెన్సీలో పంచాయతీ అంటే పది ఊళ్లు, పదిహేను ఊళ్లు, మధ్యలో కొండలు, గెడ్డలు. పంచాయతీ ఆఫీసుకు వైరు వస్తే మనకి వచ్చినట్టు రాసేసుకుంటున్నారు. రోడ్డు లెక్కలూ, నీళ్ల లెక్కలూ ఎన్నోసార్లు ఇలాగే చూశాం. కేంద్రంలో ఆగిపోయిన సదుపాయం పేరు మీద ఊళ్లో గర్భిణిని డోలీలో మోస్తున్నాం.

చట్టం మాత్రం మన ఊరిని గుర్తించింది. 1996 పెసా చట్టం ప్రకారం ఒక ఆవాసమో, కొన్ని ఆవాసాల సముదాయమో, ఒక పల్లెనో కలిసి తమ వ్యవహారాలు తాము చూసుకుంటూ ఉంటే అదే గ్రామం, దానికి సభ ఉంటుంది. చట్టానికి మా ముప్పై నాలుగు గడపలు ఊరే. ఫైబర్ లెక్కకే కాదు.

2023 ఆగస్టులో భారత్‌నెట్‌ను సవరించి 1,39,579 కోట్ల రూపాయలు కేటాయించారు. పంచాయతీ కేంద్రాలు కాని గ్రామాలకు కూడా, అడిగితే ఇస్తామన్నారు. అడిగితే! ఎవరు అడగాలి, ఎక్కడ అడగాలి, ఏ కాగితం మీద అడగాలి అన్నది మా సంతలో ఎవరూ దండోరా వెయ్యలేదు. పైగా మన పల్లెలు చాలావరకు రెవెన్యూ రికార్డులో విడి గ్రామాలుగా లేవు. రికార్డులో లేని ఊరు అడిగినా వినపడుతుందా?

డబ్బు లేదంటారా? మారుమూల ప్రాంతాలకు ఫోను, నెట్ అందించడానికే 2002 ఏప్రిల్ 1 నుంచి ఒక నిధి ఉంది. టెలికాం కంపెనీల ఆదాయంలో లెక్కకట్టి 5 శాతం అందులోకి పోతుంది. 2023 టెలికాం చట్టం దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చింది. కంపెనీల ఆదాయం ఎక్కడిది? చింతచెట్టు కింద ఒక గీత కోసం నిలబడి, మైదానంలో వాళ్లు కట్టిన ధరే కట్టి రీచార్జి చేసుకునే మనదీ అందులో ఉంది. గిట్టుబాటు కాని చోటుకి వైరు వెయ్యడానికే పుట్టిన నిధి అది. అది ఉండగా మాకు 'గిట్టుబాటు కాదు' అనే జవాబు ఎలా ఇస్తారు?

కొండ ఎక్కడం కష్టమనే మాట మా దగ్గర అనకండి. కొత్తవలస - కిరండోల్ రైలు మార్గం మా అరకు కొండల్లోంచే పోయింది. ఇనుప ఖనిజం జపాన్‌కు పంపడానికి 1960లలో యాభైకి పైగా సొరంగాలు తొలిచారు. మాచ్‌ఖండ్‌లో 1955లో కరెంటు పుట్టింది. ఆ కరెంటు తీగలు మన ఊళ్ల మీదుగా మైదానానికి దిగిపోయాయి, కింద మన ఇళ్లల్లో దశాబ్దాల పాటు కిరోసిన్ బుడ్డీలే. కొండ మీద నుంచి కిందికి ఏదైనా దించుకోవాలంటే అన్నీ కుదురుతాయి. కింద నుంచి పైకి ఒక సన్నటి వైరు రావాలంటేనే ఏటవాలు గుర్తొస్తుంది.

పోనీ, మన నుంచి నెట్ అడగకుండా ఉంటున్నారా? 2022 ఆగస్టు నుంచి టీచర్ల హాజరు ముఖం ఫోటోతో యాప్‌లో పడాలి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనిచోట రోజుకి రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. పెట్టకపోతే ఎండలో మట్టి తవ్విన మనిషి ఆ రోజు పనికి రానట్టే. రేషన్‌కి వేలిముద్ర, పింఛనుకి వేలిముద్ర, పిల్లల స్కాలర్‌షిప్పుకి ఈకేవైసీ. వేలిముద్ర పడని ముసలమ్మను మిషను దగ్గరకే కాదు, సిగ్నలు దగ్గరకి కూడా ఎత్తుకుపోయిన మనుమలు మా ఊళ్లో ఉన్నారు. మన ముఖం కావాలి, మన వేలు కావాలి, అవి పంపే దారి మాత్రం మనమే వెతుక్కోవాలి.

'టవర్లు వేస్తున్నారు కదా, ఇంటికి వైరు ఎందుకు?' అని మనవాళ్లే కొందరు అడుగుతున్నారు. టవరు వస్తే సంతోషమే. కానీ చింతచెట్టు దగ్గరకి రాత్రి ఎనిమిదింటికి ఎవరు పోగలరు? మగపిల్లలు పోతారు. ఆడపిల్ల ఫోను పట్టుకుని చీకట్లో కొండెక్కితే ఊరు ఏమంటుందో మనకి తెలుసు. మాకు తెలిసిన ఒక అమ్మాయి డీఎస్సీకి చదివింది. వీడియో పాఠాలన్నీ వాళ్ల తమ్ముడు బండ మీదకెళ్లి దించుకొస్తే ఇంట్లో చూసేది. వాడికి బుద్ధి పుట్టిన రోజే ఆమెకి పాఠం. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టేసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులు నూరు శాతం మనకే అన్న రక్షణ పోయింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు. దరఖాస్తు ఆన్‌లైన్, పరీక్ష కంప్యూటర్ మీద. పోటీలోకి నెట్టారు సరే, పోటీకి తయారయ్యే సాధనం ఇంట్లో ఉండాలా వద్దా? 2025 ఏప్రిల్ 30న అదే సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోగలగడం 21వ అధికరణం కిందికి, అంటే జీవించే హక్కు కిందికి వస్తుందని చెప్పింది. ఈ మాట మన తీర్మానాల్లో రాయాలి.

నెట్ వస్తే పిల్లలు చెడిపోతారు, మన భాష, మన ఆట పోతాయి అనే మాటా వింటున్నాం. రీల్సు చూసి నిద్ర మానుకునే పిల్లల్ని మేమూ బడిలో చూస్తున్నాం, ఆ భయం ఉత్తదేం కాదు. అయితే ఈ మాట ఎక్కువగా చెప్పేది ఎవరని గమనించండి. నెట్ ఉన్న ఇంట్లో కూర్చున్నవాళ్లు. వాళ్ల పిల్లలు చెడిపోకుండా చూసుకోగలరు గానీ మనం చూసుకోలేమా? రోడ్డు వచ్చినప్పుడు కూడా షావుకారు వస్తాడని అన్నారు. వచ్చాడు కూడా. అలాగని రోడ్డు వద్దన్నామా?

మనలో మనం ఒక మాట అనుకోవాలి. ఉద్యోగం వచ్చిన మన టీచర్లం ఏం చేస్తున్నాం? పాడేరులోనో అరకులోనో ఇల్లు అద్దెకి తీసుకుని, అక్కడ నెట్ పెట్టించుకుని, బండి మీద బడికి వచ్చిపోతున్నాం. పిల్లల చదువు కోసం అంటాం, అబద్ధం కాదు. మేం కూడా ఒక ఏడాది అలా ఉన్నాం. కానీ ఊళ్లో సంతకం పెట్టగలిగిన మనిషి, సెక్షన్ చదివి చెప్పగలిగిన మనిషి ఊరు దిగిపోతే, 'అక్కడ కనెక్షన్లు తీసుకునేవాళ్లు లేరు' అని వాళ్లు రాసుకోవడానికి మనమే కాగితం అందించినట్టు. తిరిగొచ్చాక పదకొండు ఇళ్లను ఒప్పించడానికి మాకు పట్టింది నాలుగు రోజులే.

పోయిన నెల మళ్లీ గ్రామసభ పెట్టాం. ఈసారి పక్క రెండు ఊళ్లు కూడా కలిశాయి, ఇప్పుడు కనెక్షన్లు అడిగే ఇళ్లు ఇరవై ఎనిమిది. తీర్మానంలో మూడు సంగతులు రాశాం. పెసా ప్రకారం మాది గ్రామం. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద టెలికాం లైనుకి ఈ సభ సిఫార్సు చేస్తోంది. సవరించిన భారత్‌నెట్ కింద మేం అడుగుతున్నాం, ఇదే మా అడగడం. మీ ఊళ్లో రాసుకోవాలంటే ఈ మాటలే వాడుకోండి, ఊరి పేరు, సర్వే నెంబర్లు, తేదీ మార్చుకుంటే చాలు. మూడు కాపీలు తీశాం. ఒకటి ఐటీడీఏకి, ఒకటి అటవీ హక్కుల కమిటీకి, ఒకటి మా బడి బీరువాలో.

ఐటీడీఏ కౌంటర్‌లో కాపీ తీసుకున్నతను పక్కన పెట్టబోతే రసీదు అడిగాం. స్టాంపు వేసి ఇచ్చాడు. తేదీ వెయ్యలేదు. తేదీ కూడా వెయ్యండి అన్నాం. ఒకసారి మా మొహాలు చూసి, పెన్ను తీసి వేశాడు.